బతికేవాడికి ఒక్కటే చొక్కా

మా ఆయన హోబర్ట్ స్లేటన్ ఇప్పటికి నూట అరవై ఒక్కసార్లు చచ్చాడు. తుపాకీ దెబ్బలకే ఎక్కువ. ఉరికంబం మీద తొమ్మిదిసార్లు, కొండ మీంచి దొర్లి కొన్నిసార్లు, ఒకసారైతే తన పెళ్లివిందులోనే విషం తాగి. మనిషి మాత్రం, ఇదిగో, నేనిది చెబుతుంటే వంటింటికీ వాకిలికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాడు. డెబ్బై ఒక్క ఏళ్లు. మోకాళ్లు రెండూ పోయాయి. కాసేపు కూర్చోవయ్యా మహానుభావా అంటే వినడు.

మీరు ఆయన్ని చూసే ఉంటారు. పేరు తెలియకపోవచ్చు. కౌబాయ్ సినిమాలో హీరో గుర్రమెక్కి ఊళ్లోకి రాగానే, సారాకొట్టు వసారాలో కుర్చీ వెనక్కి వాల్చుకుని ఒకడు కూర్చుని ఉంటాడే, మాసిన గడ్డంతో, ఎడమ కన్ను కాస్త చిన్నగా పెట్టి? హీరోకి దారి చెప్పి, కాసేపటికి పాపం అనవసరంగా పోతాడే? వాడే మా ఆయన. మార్కెట్లో జనం ఆపి, 'మిమ్మల్నెక్కడో చూశామండీ, మా ఊరి మందుల షాపాయన కాదూ?' అంటారు. ఈయన అవునంటాడు. లేదని చెబితే వాళ్లెక్కడ చిన్నబుచ్చుకుంటారోనట.

ఆయనది నెబ్రాస్కా. పశువుల రైలుతో వచ్చి, ఎద్దుల్ని దించేసి, తిరుగు రైలెక్కకుండా ఇక్కడే ఉండిపోయాడు. గుర్రం ఎక్కడం వచ్చు, అంతకంటే బాగా గుర్రం మీంచి పడటం వచ్చు. అప్పట్లో హాలీవుడ్‌లో కూడు దొరకడానికి ఆ మాత్రం చాలు. నేను ఓక్లహోమా నుంచి వచ్చి స్టూడియో బట్టల కొట్టులో కుట్టుపనికి చేరాను. మా పరిచయం గురించి ఆయన్నడిగితే నారింజతోట అనీ వెన్నెల అనీ కోతలు కోస్తాడు. అదేం కాదు. గుర్రం ఎక్కబోయి ప్యాంటు వెనకవైపు పర్రున చించుకున్నాడు. రెండు చేతులూ వెనక పెట్టుకుని, గోడ వారగా పక్కపక్కకి నడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"విప్పి ఇయ్యి" అన్నాను.

"కొత్త మనిషిని కదా, కాస్త సిగ్గుపడకూడదూ?"

"చింపుకున్నది నువ్వు. సిగ్గు నాకెందుకయ్యా?"

మూడు నెలలకి పెళ్లయింది. ఈ మనిషికి నిలకడ అన్నది పుట్టుకతోనే లేదని ఆ తర్వాత తెలిసింది. సాయంత్రం అయిదయితే చాలు, ఫోను దగ్గర చేరేవాడు. వేషాలిచ్చే ఆఫీసులో రేపు పనుందేమో కనుక్కోవాలి. ఊళ్లో చిన్నవేషాల వాళ్లందరూ ఆ వేళకి చేసేది అదే. అవతలి అమ్మాయి 'లేదండీ, కాసేపాగి చెయ్యండి' అని పెట్టేసేది. కాసేపంటే ఈయనకి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాల్లో బూట్లు విప్పేవాడు, మళ్లీ తొడుక్కునేవాడు, నా పొయ్యి మీద మూత తీసి చూసేవాడు, గడియారం ఆగిపోయిందేమోనని చెవి పెట్టి వినేవాడు. పని దొరికితే తెల్లవారకుండా లేచి కూర్చుంటాడు, దొరక్కపోతే అసలు కూర్చోడు. ఎలా వేగానో నాకే తెలీదు.

మా బట్టల కొట్టులో ఒక పద్ధతి ఉండేది. సినిమాలో చచ్చేవాడికి ఒకే రకం చొక్కాలు మూడు కుట్టేవాళ్లం. ఒకటి మామూలుగా తిరగడానికి, ఒకటి తూటా తగిలి నెత్తురు కారడానికి, ఒకటి షాటు చెడిపోతే మళ్లీ చావడానికి. బతికేవాడికి ఒక్కటే చొక్కా. కథ చదవక్కర్లేదు, డైరెక్టర్ని అడగక్కర్లేదు. మా బట్టల జాబితా కాగితంలో పేరు పక్కన అంకె చూస్తే చాలు, ఎవరు ఉంటారో ఎవరు పోతారో తెలిసిపోయేది. వేషాలవాళ్లు మా కిటికీలోంచి తొంగిచూసి, "వెల్డా, నాకెన్ని?" అని అడిగేవాళ్లు. మూడంటే మొహం వేలాడేసుకుని పోయేవాళ్లు. మా ఆయన హోబీ అడగడం ఎప్పుడో మానేశాడు. ఆయనకెప్పుడూ మూడే. కట్టుకున్నవాడి చావుబట్టలు కుట్టడం కూడా అలవాటైపోతుందంటే నమ్ముతారా? రొట్టెలు కాల్చినంత మామూలుగా కుట్టేదాన్ని.

చావడంలో మాత్రం ఆయనకి ఆయనే సాటి, ఆ మాట ఒప్పుకోవాలి. తుపాకీ మోగగానే ముందు టోపీ ఎగరాలి. తర్వాత మోకాలు మడవాలి. ఆఖర్న భుజం తిప్పి నేలకి ఆనించాలి. "టోపీ ముందు, మనిషి తర్వాత" అనేవాడు. టోపీ ఎగిరితే జనం కళ్లు దాని మీదికి పోతాయట, ఆ లోపల తను ఎముకలు విరగ్గొట్టుకోకుండా పడొచ్చట. పెరట్లో గడ్డిమోపు పరిచి దాని మీద సాధన చేసేవాడు. పక్కింటావిడ రెండుసార్లు డాక్టర్ని పిలిచింది.

ఇన్ని చావుల్లో మా ఇంటికి తగిలింది ఒక్కటే. మా అమ్మాయి లోరీన్‌కి ఆరేళ్లప్పుడు, గ్లెండేల్‌లో శనివారం మధ్యాహ్నం ఆటకి తీసుకెళ్లాను. నా బుద్ధి గడ్డి తిని. వాళ్ల నాన్న తెర మీద కనబడగానే పిల్ల సీటెక్కి నిలబడి, "మా నాన్న! అదుగో, మా నాన్న!" అని ముందువాళ్లకీ వెనకవాళ్లకీ చూపించింది. రెండు నిమిషాలకి ఎవడో చాటునుంచి కాల్చాడు. టోపీ ఎగిరింది. పిల్ల కెవ్వున అరిచి, నా చెయ్యి విదిలించుకుని తెర దగ్గరికి పరుగెత్తింది. మునివేళ్ల మీద నిలబడి ఆ తెరని రెండు చేతుల్తో తడిమింది. హాలంతా నవ్వింది. ఆ నవ్వుని నేనిప్పటికీ క్షమించలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని, గిన్నె ఒళ్లో పెట్టుకుని చిక్కుడుగింజలు తింటున్నాడు. పిల్ల దగ్గరికెళ్లలేదు. కంచె దగ్గరే నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా వచ్చి, తనకి జ్వరమొచ్చినప్పుడు డాక్టరు చేసినట్టే, రెండు వేళ్లు ఆయన మణికట్టు మీద పెట్టింది. నాడి కొట్టుకుంటోందని రూఢి చేసుకున్నాకే ఏడ్చింది. ఆనాటినుంచి ఆయన పనినుంచి ఇంటికొస్తే చాలు, టోపీ తీసేలోపల పిల్ల వేళ్లు ఆయన మణికట్టు మీద ఉండేవి. ఆయన సినిమాకి మాత్రం మళ్లీ రాలేదు.

పెద్దదై నర్సు చదువు చదివి బేకర్స్‌ఫీల్డ్‌లో ఉద్యోగంలో చేరింది. సెలవుకి ఇంటికొచ్చినప్పుడల్లా ఆయన బతిమాలేవాడు.

"ఇంత పెద్దదానివయ్యావు, రోజూ నెత్తురు చూసే ఉద్యోగం చేస్తున్నావు. ఇప్పుడన్నా ఒక్క సినిమాకి రావే."

"నువ్వు చావని సినిమా ఉంటే చెప్పు నాన్నా, వస్తా."

నవ్వుతూనే అనేది. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. లేచి పెరట్లోకి పోయి, అవసరం లేకపోయినా కంచెకి మేకులు కొట్టేవాడు. ఎవరెవరో ముక్కూమొహం తెలీని జనం తన పని చూసి చప్పట్లు కొడుతున్నారు, కన్నకూతురు మాత్రం చూడలేదు. అది ఆయన్ని లోపల తినేస్తోందని నాకు తెలుసు.

అలాంటి రోజుల్లో, 1950 ఆకురాలు కాలంలో, మా కాగితం వచ్చింది. 'హోబర్ట్ స్లేటన్, దారి మజిలీ కాపరి, చొక్కా ఒకటి.' కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఒకటే. నమ్మకం కుదరక నేరుగా డైరెక్టర్ క్రెన్షాగారి దగ్గరికే వెళ్లి అడిగాను. గుర్రబ్బళ్లు ఆగే మజిలీని చూసుకుంటూ, దెబ్బతిన్న హీరోని అందులో దాచిపెట్టి, దొంగలకి అబద్ధం చెప్పి పంపేసే మనిషట. చివర్లో హీరో బండెక్కి వెళ్లిపోతుంటే వసారాలో నిలబడి చెయ్యి ఊపుతాడట. సినిమాలో ఆఖరి షాటు ఆయనదే.

ఇంటికెళ్లి చెబితే ఆయన నమ్మలేదు.

"తప్పు పడిందేమోనే. టైపు కొట్టినవాణ్ని అడిగావా?"

"టైపు కొట్టినవాణ్నెందుకు, డైరెక్టర్నే అడిగాను. నువ్వు చావవటయ్యా."

"మధ్యలో మార్చరుగా?"

"నా తల మీద ఒట్టు. కూర్చో ముందు."

కూర్చున్నాడు. కాగితం, పెన్సిలు తీసుకుని అక్కడికక్కడే కూతురికి ఉత్తరం రాశాడు. 'ఈసారి నేను చావను. ఆఖరిదాకా ఉంటాను. నువ్వొచ్చి చూడాలి.' నాలుగో రోజుకి జవాబొచ్చింది. 'తప్పకుండా వస్తా. అప్పుడు వెళ్లిన హాలుకే వెళ్దాం.' ఆ ఉత్తరాన్ని మడిచి టోపీ లోపలి పట్టీలో పెట్టుకున్నాడు.

ఇక నా నిర్వాకం చెప్పాలి. బతికేవాడికి ఒక్కటే చొక్కా అని కాగితం మీద ఉన్నా, బయట ఊళ్లకి షూటింగుకి వెళ్లేటప్పుడు నేను ఎవరికైనా ఇంకోటి అదనంగా పెట్టుకుంటాను. కాఫీ ఒలకొచ్చు, మేకు పట్టుకుని చిరగొచ్చు. హోబీకీ రెండోది కుట్టాను, మడతపెట్టాను, పెట్టెలో పెట్టబోయాను. చెయ్యి ఆగిపోయింది. పెళ్లయి ఇరవై రెండేళ్లకి ఒక్క చొక్కా మా ఇంటికొచ్చింది. దాని పక్కన రెండోది పెడితే దిష్టి తగులుతుందనిపించింది. తీసి బీరువాలో పడేశాను. నా బుద్ధి మండ.

లోన్ పైన్ రాళ్లగుట్టల్లో షూటింగు. గాలిదుమ్ము వల్ల అప్పటికే రెండు రోజులు వెనకబడ్డాం. ఆ రోజుతో అక్కడ పని అయిపోవాలి, మర్నాడు హీరో ఇంకో సినిమాకి వెళ్లిపోతాడు. మిగిలినవి ఆఖర్న చెయ్యి ఊపే షాటూ, దానికి ముందు తియ్యాల్సిన దొంగల షాటూ. ఆరుగురు గుర్రాల మీదొస్తారు, హీరో ఏడని అడుగుతారు, మజిలీ కాపరి తెలీదంటాడు. వాళ్లు ఒళ్లుమండి గాల్లోకి కాల్చుకుంటూ వెళ్లిపోతారు. ఈయన చెయ్యాల్సిందల్లా కదలకుండా నిలబడటం. దుమ్ము అణిగేదాకా చూసి, ఉమ్మేసి, లోపలికి పోవడం.

నాలుగుసార్లు రిహార్సలు చేశారు. రిహార్సల్లో తుపాకులు పేల్చరు, గుర్రాలు బెదిరి అలిసిపోతాయి. ఆరుగురూ నోటితోనే "ఢాం! ఢాం!" అని అరుచుకుంటూ పోయారు. నాలుగుసార్లూ హోబీ రాయిలా నిలబడ్డాడు. అంత నిలకడగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. వసారా పక్కన నా పెట్టె మీద కూర్చుని మురిసిపోయాను.

"అలాగే హోబీ, అచ్చం అలాగే. కనురెప్ప కూడా వెయ్యకు" అన్నారు క్రెన్షా. "వెలుతురు పోతోంది. ఈసారి నిజంగా తీసేద్దాం."

అక్కడ పడమట పెద్ద కొండలు. పొద్దు తొందరగా వాటి వెనక్కి జారుకుంటుంది. కెమెరా తిరిగింది. దొంగలొచ్చారు, అడిగారు. ఈయన తెలీదన్నాడు, ఎంత బాగా అన్నాడో! గుర్రాలు తిరిగాయి. ఆరు తుపాకులూ ఒక్కసారి మోగాయి.

టోపీ ఎగిరింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. టోపీ ఎగిరితే తర్వాత ఏం జరుగుతుందో నాకంటే ఎవరికి బాగా తెలుసు? మోకాలు మడిచాడు, భుజం తిప్పాడు, వసారా మీంచి వెనక్కి వాలి గుర్రాల నీళ్లతొట్టిలో దబ్బున పడ్డాడు. నీళ్లన్నీ లేచి నా ఒళ్లో పడ్డాయి. కెమెరా తిరుగుతూనే ఉంది. "కట్" అన్న మాట వినబడేసరికి ఆయన తొట్టిలో లేచి కూర్చున్నాడు. గడ్డం మీంచి నీళ్లు కారుతున్నాయి.

"ఎందుకు పడ్డావయ్యా?" అన్నాను.

"తెలీదే. మోగింది. పడ్డాను."

"ఇంకో చొక్కా తెండి, తొందరగా! పది నిమిషాల వెలుతురుంది!" అని అరిచారు క్రెన్షా.

అందరూ నావైపు చూశారు. హోబీ కూడా చూశాడు. ఆ చూపులో ఇంకా ఆశ ఉంది. నా పెట్టెలో ఎప్పుడూ ఇంకోటి ఉంటుందని ఆయనకి తెలుసు.

"లేదండీ" అన్నాను.

"లేకపోవడమేంటి?"

"ఒక్కటే తెచ్చాను. బతికేవాడికి ఒక్కటే కదండీ."

క్రెన్షా నావైపొకసారి, కొండవైపొకసారి చూశారు. చేతిలో కాగితాలు తిరగేశారు. అటూ ఇటూ నడిచారు. నడుస్తూ నడుస్తూ నవ్వు మొదలెట్టారు.

"అసలు ఇదే బాగుందయ్యా! తనని దాచినవాణ్ని చంపేశారంటే హీరోకి ఒళ్లుమండుతుంది, చివరి కొట్లాటకి బలమొస్తుంది. ఆఖర్న చెయ్యి ఊపడం అంటావా, వంటవాడి వేషగాడి చేత ఊపిద్దాం."

హోబీ తొట్టిలోంచి దిగి ఆయన ముందు నిలబడ్డాడు. "సార్, ఒక్కసారి. తడిచొక్కాతోనే నిలబడతా. కెమెరాకి దూరంగానే ఉంటా సార్. మా అమ్మాయికి చెప్పాను."

"మీ అమ్మాయికి నేను చెబుతాలే, ఇంత బాగా చచ్చినవాణ్ని నా సర్వీసులో చూడలేదని" అంటూ క్రెన్షా హోబీ భుజం తట్టి, తడి చేతిని తన ప్యాంటుకి తుడుచుకుని వెళ్లిపోయారు.

కారులో ఇంటికొస్తూ ఇద్దరం కొట్టుకున్నంత పని చేశాం.

"రెండో చొక్కా ఎందుకు తేలేదే? ఇన్నేళ్లూ తెచ్చావుగా, ఇవాళే ఏమొచ్చింది?"

"నిలబడరా నాయనా అంటే పడ్డవాడివి నువ్వు! నిలబడటానికీ నేర్చుకోవాలా?"

"నా ఒళ్లు నా మాట వినలేదే."

చొక్కా తేనిది భయంతో అని నేనూ చెప్పలేదు. ఆ సంగతి ఆయనకి ఇవాళ్టిదాకా తెలీదు. ఇప్పుడు వంటింట్లోంచి వింటూ ఉంటే విననీ.

తర్వాత అయిదు నెలలు ఆ ఇంట్లో ఉండటం నా వల్ల కాలేదు. లోరీన్‌కి నిజం రాయాలని కూర్చునేవాడు. పేరు రాసి చింపేవాడు. "నువ్వు రాయవే" అనేవాడు. "పడింది నువ్వు, నువ్వే రాయి" అనేదాన్ని. చివరికి పక్కింటి కుక్క సంగతీ, పెరట్లో టమాటాల సంగతీ రాసి పంపేవాడు. ఫోను మోగితే కూతురేమోనని పెరట్లోకి పారిపోయేవాడు. ఫోను కోసం పడిచచ్చిన మనిషి!

ఏప్రిల్లో సినిమా వచ్చింది. లోరీన్ శనివారం పొద్దున బస్సు దిగింది. నీలం గౌను వేసుకుని, జుట్టు చక్కగా దిద్దుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చింది. కారులో ఆయన మూడుసార్లు, "లోరీన్, ఒక మాట" అన్నాడు. మొదటిసారి రోడ్డు బాగుందన్నాడు. రెండోసారి బస్సులో ఎండ తగిలిందా అన్నాడు. మూడోసారి నేనే ఆయన డొక్కలో పొడిచాను. "మీ అమ్మ లావయింది" అన్నాడు.

హాల్లో పిల్లని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకున్నాం. ఆయన కాలు కింద డప్పు వాయించినట్టు ఆడుతోంది. మంచినీళ్లకని లేచాడు, పాప్‌కార్న్‌కని లేచాడు, టోపీ మరిచిపోయానని లేచాడు. టోపీ ఒళ్లోనే ఉంది. తెర మీద మజిలీ కాపరి వచ్చినప్పుడు ఈసారి పిల్ల సీటెక్కలేదు, నావైపు వంగి, "నాన్నే" అంది, నాకు తెలీనట్టు. నాకు ఏడుపొచ్చింది. దొంగల గుర్రాలు కనబడగానే ఆయన సగం లేచాడు.

"పదండి పోదాం. నాకు ఒంట్లో బాలేదు."

"కూర్చో నాన్నా."

"తల్లీ, నీకో సంగతి..."

"కూర్చో."

కూర్చున్నాడు. గుర్రాలు తిరిగాయి. నేను తెర చూడలేదు, పిల్ల మొహమే చూశాను. తుపాకులు మోగాయి. ఎక్కడో ఒకావిడ "అయ్యయ్యో" అంది. లోరీన్ పెదవి బిగించింది, కళ్లు మాత్రం తెరమీదే ఉన్నాయి. ఆమె చెయ్యి పక్కకి జరిగి, చీకట్లో తడుముకుని, ఆయన మణికట్టు పట్టుకుంది. రెండు వేళ్లు.

తీయలేదు. హీరోకి ఒళ్లు మండింది, కొట్లాట అయింది, వంటవాడు వసారాలో నిలబడి చెయ్యి ఊపాడు, బండి వెళ్లిపోయింది. ఆ అరగంటా వేళ్లు అలాగే ఉన్నాయి. ఆ అరగంటా మా ఆయన కాలు కదల్లేదు. తెర మీద 'సమాప్తం' పడి, దీపాలు వెలిగాక గానీ చెయ్యి వదల్లేదు.

"ఆఖరిదాకా ఉంటానని రాశావు" అంది. "ఉన్నావుగా."

ఆయన ముక్కు టోపీతోనే తుడుచుకున్నాడు.

"నీకు ముందే తెలుసటే?" అన్నాను.

"అయిదు నెలలుగా టమాటాల గురించే రాస్తున్నాడమ్మా. సినిమా ఊసే లేదు. నాకు తెలీదనుకున్నారా?"

"తెలిసీ వచ్చావా?" అన్నాడు ఆయన.

"రమ్మన్నావుగా."

జనం వెళ్లిపోతున్నారు. ముగ్గురం లేచి బయటి గదిలోకి వచ్చాం. తలుపు దగ్గర లోరీన్ ఆగింది.

"నాన్నా, ఆ టోపీ ఎలా ఎగరేస్తావు?"

పదిహేనేళ్లనుంచి ఈ మనిషి ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాడు. "మెడతో, చేత్తో కాదు. ఇదుగో చూడు, టోపీ ముందు, మనిషి తర్వాత" అంటూ ఎర్ర తివాచీ మధ్యకి వెళ్లి నిలబడ్డాడు. వద్దయ్యా, నడుం పోతుంది అంటున్నా వినలేదు. టోపీ ఎగిరింది. టికెట్లవాడు కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. లోరీన్ కళ్లు మూసుకోలేదు. ఆయన పూర్తిగా పడేదాకా చూసి, చెయ్యిచ్చి లేపింది.